ఎదురుచూపు అని రాయకండి

గల్ఫ్ వలస మీద తెలుగులో ఏం వచ్చినా సరే, కథో పాటో సినిమానో, ఒక ఆడమనిషిని గడప మీద కూర్చోబెట్టనిదే దానికి తృప్తి ఉండదు. ఆమె చూపు రోడ్డు మీద. చేతిలో ఉత్తరం, ఈ మధ్య అయితే ఫోను. ఆమెకు ఇచ్చిన పని ఒక్కటే, ఎదురుచూడడం. మొగుడు దుబాయ్ పోయిన రోజు ఆ డ్యూటీ ఎక్కుతుంది. ఆయన తిరిగొచ్చిన రోజో, పెట్టెలో వచ్చిన రోజో దిగుతుంది. నడుమ ఇరవై ఏండ్లు ఆమె ఏం తిన్నది, ఆ తిండికి పైసలు ఎక్కడివి, వానకు కప్పు కురిస్తే గూనపెంకులు ఎవరు సర్దించారు? ఈ ప్రశ్నలు కథకు అడ్డం వస్తాయి కాబట్టి ఎవరూ అడగరు. చదివేటోళ్లం మనం కూడా అడగం. కండ్లు తుడుచుకొని షేర్ చేస్తాం.

నాకు ఈ ఎదురుచూపు మీద పేచీ ఉంది. మా బాపమ్మ పెండ్లి నలభై ఒక్క ఏండ్లు నడిచింది. అందులో చాలా భాగం మొగుడు ఊర్లో లేడు. ఆమె గురించి రాయమని అడిగే మిత్రులు "ఆ తరం ఆడవాళ్ల ఓర్పు" అనే మాటను ముందే తయారుగా పెట్టుకొని అడుగుతారు. బాపమ్మకు ఓర్పు తక్కువ. చాట ముందు కూర్చున్నప్పుడు ఎవరన్నా అడ్డం వచ్చి నిలబడితే కత్తెర చూపించేది. ఆమెను ఓర్పు బొమ్మగా చెక్కడం అంటే ఆమె చేసిన పనిని లెక్కలో నుంచి కొట్టేయడమే. ఆ లెక్క కొట్టేస్తే ఎవరికి లాభం అనేది ఈ వ్యాసంలో అసలు సంగతి. దానికి వస్తాను.

బాపమ్మ పుట్టింది సిరిసిల్లలో, మగ్గం ఉన్న ఇంట్లో. 1968లో కోరుట్లకు కోడలై వచ్చింది. తాత అప్పటికే బొంబాయి బట్టల మిల్లులో కార్మికుడు. మా దిక్కు నుంచి, అందులోనూ నేత ఇండ్ల నుంచి, బొంబాయి, భివండీ, షోలాపూర్ పోవుడు దుబాయ్ కంటే చాలా పాతది. వలస అనగానే విమానమే గుర్తొచ్చేవాళ్లు ఆ రైలు వలసను మర్చిపోతారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు రోడ్డు మీదికి వచ్చిన సమ్మె అది. చాలామందికి ఆ మిల్లు గేటు మళ్లీ తెరుచుకోలేదు, తాత అందులో ఒకడు. ఇంటికొచ్చి రెండేండ్లు ఉన్నడు. 1984లో అప్పు చేసి దుబాయ్ పోయిండు. 2003లో తిరిగొచ్చిండు. 2009లో కాలం చేసిండు.

ఇప్పుడు లెక్క కట్టండి. బొంబాయి నుంచి ఏడాదికి ఒక నెల చొప్పున పద్నాలుగు నెలలు. సమ్మె కాలం రెండేండ్లు. దుబాయ్ నుంచి రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు చొప్పున తొమ్మిది సార్లు, అంటే పద్దెనిమిది నెలలు. 1968 నుంచి 2003 దాకా ముప్పై అయిదు ఏండ్ల కాపురంలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది యాభై ఆరు నెలలు. అయిదేండ్లు నిండవు. మిగతా ముప్పై ఏండ్లను "ఎదురుచూసింది" అని ఒక్క మాటలో అవుతల పడేస్తున్నాం మనం.

ఉత్తరాల మీద మనవాళ్లకు మరీ మోజు. ఎయిర్ మెయిల్ కవరు, దాని అంచుల రంగు గీతలు, అందులో దాచుకున్న ప్రేమ. బాగుంటుంది రాసుకోవడానికి. బాపమ్మకు చదువు రాదు, తాతకు సంతకం దాకా వచ్చు. తాత చెప్తుంటే రూంలో ఉండే ఒక మెట్‌పల్లి పిలగాడు రాసేటోడు. ఇక్కడికి ఆ ఉత్తరం మా ముత్తాత పేరు మీద వచ్చేది. ఏడో తరగతి చదివే పక్కింటి పిలగాడు వాకిట్లో నిలబడి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివేటోడు. మొగనికీ పెండ్లానికీ నడుమ రాసేటోడు ఒకడు, చదివేటోడు ఒకడు, వినేవాళ్లు పది మంది. అందులో బాపమ్మకు వచ్చే వాటా చివరి వాక్యం, అది కూడా నేరుగా కాదు: "పిల్లల తల్లిని పైలంగా ఉండమని చెప్పగలరు." ఇందులో ఏకాంతం ఎక్కడ ఉన్నదో మన కథకులకే తెలియాలి.

తర్వాత క్యాసెట్లు వచ్చినయి. సెలవుకు వచ్చేటోళ్లు టేప్‌రికార్డర్ తెచ్చేవాళ్లు, అక్కడి నుంచి మాట నింపి పంపేవాళ్లు. అది కూడా వాకిట్లోనే మోగేది. ఒకసారి తాత క్యాసెట్ అంతా అయిపోయినంక, చాలాసేపు ఏం లేకుండా తిరిగినంక, చివర్లో ఏదో మాట్లాడిండంట. అప్పటికి అందరూ లేచిపోయిండ్రు. బాపమ్మ రాత్రి బీడీలు చుట్టుకుంటూ మళ్లీ పెట్టుకొని విన్నది. ఏమన్నడు బాపమ్మా అని నేను ఎంత ఆశగా అడిగానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

"ఏమంటడు బిడ్డా. పెద్దాయినకు చెప్పకుండ షావుకారి మిత్తి ముందుగాల కట్టెయ్యి, మిగిలినోళ్లను ఆగుమను అన్నడు."

ఇంట్లో అందరి ముందు చెప్పలేని మాట, పెండ్లానికి ఒక్కదానికే చెప్పాల్సిన మాట ఏదంటే అది. ముందు ఏ అప్పు తీర్చాలి. ఆమెకు తెలుసునని ఆయనకు తెలుసు. వాళ్లిద్దరి కాపురం నాకు అక్కడ కనబడుతుంది.

అప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "దుబాయ్ పైసలు" అనే మాట వెనక ఉన్న మాయ అక్కడే ఉంది. వీసాకు, ఏజెంటుకు, టికెట్టుకు తెచ్చిన అప్పు మీద నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. మొదటి రెండున్నరేండ్లు తాత పంపిన డ్రాఫ్టు డ్రాఫ్టుగానే షావుకారికి పోయింది. అది కూడా ముత్తాత పేరు మీద వచ్చేది, బాపమ్మకు బ్యాంకు ఖాతా ఎక్కడిది. ఆ రెండున్నరేండ్లు ఇంట్లో ఆరుగురు తిన్నరు. ముగ్గురు పిల్లలు బడికి పోయిండ్రు. ముత్తాతకు మందులు కొన్నరు. గల్ఫ్ పోయిన ఏ ఇంటినన్నా అడగండి, మొదటి రెండు మూడేండ్ల కథ ఇదే. మనిషిని దుబాయ్ పంపడమంటే ఇల్లు పెట్టుబడి పెట్టడం. ఆ పెట్టుబడి ముదిరి పైసలు ఇచ్చేదాకా ఇంటిని ఎవరో ఒకరు నిలబెట్టాలి.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, అటు నిజామాబాద్ దాకా అట్లా నిలబెట్టింది బీడీ.

బీడీ గురించి తెలియని నగరపు పాఠకుల కోసం కొంచెం చెప్తాను. ఖార్ఖానాకు పోయి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవాలి. ఆకును రాత్రి నీళ్లలో తడిపి తడి గుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున రేకు ముక్క అచ్చు పెట్టి కత్తెరతో ఒక తీరుగా కత్తిరించాలి. ఒడిలో చాట పెట్టుకొని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. వెయ్యి బీడీలకు కూలి. వెయ్యి చేయాలంటే చేయి తిరిగిన మనిషికి కూడా పొద్దంతా పడుతుంది, ఇంటి పని కలుపుకుంటే రాత్రి కూడా. ఇచ్చిన ఆకులో చిల్లులవి, చినిగినవి పోను వెయ్యికి సరిపోవు. తక్కువ పడ్డ ఆకు సొంత పైసలు పెట్టి కొనుక్కోవాలి. సాయంత్రం గంప నెత్తిన పెట్టుకొని పోతే అక్కడ ఒకాయన కట్ట ఇప్పి, వేళ్లతో నొక్కి చూసి, నచ్చనివి పక్కకు తీస్తడు. పక్కకు తీసిన వాటికి కూలి ఉండదు, అవి తిరిగి కూడా రావు.

బాపమ్మ ముప్పై అయిదేండ్లు ఈ పని చేసింది. ఖార్ఖానా వాళ్లు నెలంతా ఆకు ఇవ్వరు కాబట్టి ఏడాదికి రెండు వందల రోజులే అనుకుందాం. రోజుకు వెయ్యి. డెబ్బై లక్షల బీడీలు. ఈ సంఖ్యను ఒకసారి ఇంట్లో చెప్తే మా బాపు నవ్విండు. డెబ్బై లక్షల బీడీలు ఎవలు తాగిండ్రురా అని. అది కూడా మంచి ప్రశ్నే. తాగినవాళ్ల ఊపిరితిత్తులు ఏమైనయో బాపమ్మకు ఊహ లేక కాదు. కొడుకు జేబులో అగ్గిపెట్టె కనబడితే చీపురు తిరగేసేది. తన చేత్తో చేసేదాని మీద ఆమెకు ఏ గౌరవమూ లేదు. తంబాకు దుమ్ముకు రాత్రంతా దగ్గేది, చూపుడువేలు కొన మీద చర్మం గట్టిపడి మొద్దుబారిపోయింది, వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. కాబట్టి బీడీని ఒక వీరగాథ చేయమని నేను అడగడం లేదు. దాన్ని ఆదాయం అనమంటున్నా, అంతే.

1978 సంగతి కూడా ఇక్కడ ఒక మాట అనాలి. జగిత్యాల, సిరిసిల్ల పేర్లు మన సాహిత్యంలోకి వచ్చిందే ఆ ఏడాదితో. సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబర్‌లో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించడం. వెట్టి మీద, దొరల మీద, పోలీసు క్యాంపుల మీద రాసిన కథలూ నవలలూ ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ రోజుల్లో పోలీసుల భయానికి పడుచు పిలగాండ్లను తల్లిదండ్రులే బొంబాయి రైలు ఎక్కించారు, దొరికితే గల్ఫ్ విమానం ఎక్కించారు. ఊర్లో మగవాళ్లు లేని ఇండ్లు పెరిగినయి. పోరాట సాహిత్యం ఊరు విడిచి అడవికి పోయినవాళ్ల వెంట పోయింది. వలస సాహిత్యం ఊరు విడిచి ఎడారికి పోయినవాళ్ల వెంట పోయింది. ఊర్లోనే ఉండి ఆకు కత్తిరించిన మనుషుల వెంట ఎవరు పోయారు? పోవడానికి వాళ్లెక్కడికీ కదలలేదు గదా.

ఇప్పటి మన చదువరులకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. 2024లో వచ్చిన ది గోట్ లైఫ్ సినిమా అందరం చూశాం. బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల దానికి ఆధారం. ఎడారిలో ఆ మనిషి పడ్డ నరకం చూపించడంలో ఆ సినిమాకు వంక పెట్టలేం. కానీ అందులో పెండ్లాం ఎక్కడ ఉంటుంది? నీళ్లలో. ఆయన జ్ఞాపకంలో. ఎండిన గొంతుకు తడి గుర్తు చేయడానికి. ఆమె కడుపుతో ఉంది, మొగని నుంచి కబురు లేదు. ఆ నెలలు ఆమె ఎట్లా బతికిందనేది ఇంకో సినిమా. ఆ సినిమా ఎవరూ తీయలేదు. అయినా కేరళకు ఒక పని చేసినందుకు మనం దండం పెట్టాలి. లీలా గులాటి 1993లోనే, మొగవాళ్లు గల్ఫ్ పోయిన ఇండ్లలో ఆడవాళ్లు ఎట్లా సంసారం నడిపారో ఒక పుస్తకం వేసింది. 1998 నుంచి తిరువనంతపురం పరిశోధకులు కొన్నేండ్లకోసారి ఇల్లిల్లూ తిరిగి వలస సర్వే చేస్తున్నారు. మన దగ్గర ఆ పని పాటలకు అప్పజెప్పినం. పాటకు లెక్కలు రావు.

2024 మొదట్లో, దుబాయ్ జైల్లో పద్దెనిమిదేండ్లు ఉండి సిరిసిల్ల జిల్లా మనుషులు తిరిగొచ్చారు. విమానాశ్రయంలో కౌగిలింతలు, ఏడుపులు టీవీల్లో చూశాం. నాకూ కండ్లల్లో నీళ్లు వచ్చినయి, దాచుకునేదేం లేదు. కానీ పద్దెనిమిదేండ్లు ఆ ఇండ్లలో పొయ్యి ఎట్లా మండిందనేది ఒక్క మైకు కూడా అడగలేదని నాకు ఆ రాత్రంతా మనసులో ఉండిపోయింది.

ప్రభుత్వం చూపు సాహిత్యం చూపు కంటే వేరుగా ఏం లేదు. చట్టాల మాట చెప్తాను. బీడీ కార్మికులకు 1966లో చట్టం వచ్చింది. 1977లో పీఎఫ్ వర్తింపజేశారు. ఇంట్లో కూర్చొని చుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని యజమానులు కోర్టుకు పోతే, ఇంట్లో చేసినా ఉద్యోగులే అని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. వినడానికి ఎంత బాగుందో. బాపమ్మ మొదటి పదకొండేండ్లు అత్త పేరు మీది కార్డుకు బీడీలు కట్టింది. ఒక కార్డు మీద ఇంట్లో ముగ్గురు నలుగురు చేయడం మా దిక్కు మామూలు. మా మేనత్త తొమ్మిదో ఏట చాట పట్టింది, ఆమె చేసిన బీడీలు తల్లి లెక్కలోకి పోయినయి. తర్వాత బాపమ్మ పని చేసిన కంపెనీ పేరు మార్చుకున్నది, రిజిస్టరు మార్చుకున్నది. చివరికి పీఎఫ్ నంబరు అడిగితే ఆ పేరు మీద ఎవరూ లేరన్నరు. డెబ్బై లక్షల బీడీలు చేసిన మనిషి ఏ కాగితం మీదా బీడీ కార్మికురాలు కాదు.

తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు పింఛను ఇచ్చారు. మొదట నెలకు 1000 రూపాయలు, 2019 నుంచి 2016 రూపాయలు. అది మంచి పనే, ఎన్నో ఇండ్లలో మందుల ఖర్చు దాంతోనే ఎల్లింది. కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నంబరు ఉండాలన్నారు. బాపమ్మకు లేదు. ఆమెకు పింఛను వచ్చింది, బీడీ కాలంలో మాత్రం రాలేదు, వితంతు కాలంలో వచ్చింది. పైసలు అవే. పేరు మారింది. ముప్పై అయిదేండ్ల పని ఆమెకు అర్హత కాలేదు, మొగుడు చనిపోవడం అర్హత అయ్యింది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో ఉత్తర్వు వచ్చింది. ఇవ్వాల్సిందే, ఇంకా ముందే ఇవ్వాల్సింది. అయితే ఒకటి గమనించండి. మొగుడు అక్కడ బతికున్నన్ని రోజులు ఇక్కడ ఇల్లు నడిపే మనిషికి ప్రభుత్వం దగ్గర పేరు లేదు. ఆయన పోతేనే ఆమె కనబడుతుంది.

వలస కథల్లో అందరూ తొందరగా దాటేసే ఘట్టం ఒకటుంది. తిరిగి రావడం. కథకు అది ముగింపు. బాపమ్మ కాపురంలో అసలు కష్టం అక్కడ మొదలైంది.

2003లో తాత రెండు పెట్టెలు, ఒక కంబళి, నడుము నొప్పి తీసుకొని వచ్చిండు. ముప్పై అయిదేండ్లలో ఆ ఇంటికి ఒక పద్ధతి ఏర్పడి ఉంది. ఆకు ఎక్కడ నానాలె, ఎవరు ఎక్కడ పండాలె, ఏ అప్పు ఏ నెల తీర్చాలె, ఎవరింటి పెండ్లికి ఎంత కట్నం చదివించాలె, అన్నీ ఆమె పెట్టిన పద్ధతులు. తాతకు ఉప్పు డబ్బా ఎక్కడుంటదో తెలియదు. రేషన్ షాపు ఎవలదో తెలియదు. చిన్న కొడుకు పప్పు తినడని తెలియదు. పొద్దున నాలుగింటికే లేచి, క్యాంపులో లైను కట్టినట్టు బకెట్టు పట్టుకొని బాత్‌రూం ముందు నిలబడేటోడు. పదిమంది పండే గదిలో ఇరవై ఏండ్లు ఉన్న మనిషి, తలుపు వేసుకొని ఒక్కడే పండాలంటే నిద్ర పట్టేది కాదు. వాకిట్లో మంచం వేసుకునేటోడు. అందరి పాస్‌పోర్టులూ కఫీల్ దగ్గరే ఉండే చోట బతికినందుకేమో, ఆధార్ వచ్చే దాకా కూడా ఉండలేదు కానీ, ఏ కాగితం ఇచ్చినా రెండు చేతులతో పట్టుకొని మళ్లీ మళ్లీ చూసుకునేటోడు.

మొదటి ఏడాది ఇద్దరికీ రోజూ కొట్లాటే. తను సంపాదించిన ఇంట్లో తన మాట చెల్లాలని ఆయన పంతం. "నీ ఇల్లు ఎక్కడిది, నువ్వు ఎప్పుడున్నవని" అని ఆమె. ఆయన ఇంటి పెద్దగా రాలేదు. వలస వచ్చిండు. భాష వచ్చు కానీ ఆ ఇంటి కాయిదా రాదు. ఎవరి కింద ఉండాలో తెలుసుకోవడానికి రెండేండ్లు పట్టింది. చివరికి తాత ఆకు కత్తిరించడం నేర్చుకున్నడు. కోరుట్లలో మొగవాళ్లు చాట ముందు కూర్చోవడం చిన్నతనం. బజారుకు కనబడకుండా లోపలి అర్రలో కూర్చొని కత్తిరించేటోడు. బాపమ్మ ఒక్కో ఆకు చూసి సగం పక్కకు పడేసేది, ఖార్ఖానా సేటు లెక్కనే. మేం పిల్లలం అది చూసి పడి పడి నవ్వేవాళ్లం. ఆ ఆరేండ్లే వాళ్లిద్దరూ కాపురం చేసిన కాలం. అరవై దాటినంక మొదలుపెట్టిన కాపురం. దాని మీద ఎవరన్నా నవల రాస్తే చదవాలని ఉంది.

ఇదంతా చదివి ఒకరు అంటారు, నాకు తెలుసు: మొగవాళ్ల బాధను తక్కువ చేస్తున్నావని. తక్కువ చేయలేను. యాభై డిగ్రీల ఎండలో సెంట్రింగ్ పని చేసిన మనిషి వీపు నేను చూసిన. తల్లి చనిపోతే పద్నాలుగు రోజులకు తెలిసిన మనిషి ఆయన. ఆ బాధ రాసిన రచయితల మీద నాకు గౌరవమే ఉంది, మా సిరిసిల్ల దిక్కు నుంచే పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' రాశారు. ఆ దిక్కు చూపు ఉండాల్సిందే. నా గొడవ ఆ చూపు ఇటు తిరిగినప్పుడు ఒక్కసారిగా మసకబారిపోవడం మీద. అక్కడ కఫీల్, జీతం, ఓవర్‌టైం, క్యాంపు అద్దె అన్నీ కనబడతాయి. ఇటు తిరగంగనే వెన్నెల, వాకిలి, ముగ్గు. ఆర్థికశాస్త్రం విమానాశ్రయం దగ్గరే ఆగిపోతుంది.

ఇంకొకరు అంటారు, మా అమ్మమ్మ నిజంగనే ఎదురుచూసిందని. చూసే ఉంటది. బాపమ్మ కూడా చూసి ఉంటది, నాకు చెప్పలేదు. చెప్పని దాన్ని నేను రాయను. ఇక మన తరం పోస్టుల్లో అమ్మమ్మల నేత చీరెలు, చింతకాయ తొక్కు, ముడతలు పడ్డ చేతుల ఫోటోలు చూస్తుంటాను. ఆ చేతులకు ముడతలు ఏ పనికి పడ్డయో కింద ఒక లైను రాయడానికి ఏం అడ్డం వస్తున్నది?

ఎందుకింత పట్టుదల అంటే, ఇది సాహిత్యంలో ఆగే సంగతి కాదు. బాపమ్మ 2022లో పోయింది. కోరుట్లలో ఆ ఇల్లు, రోడ్డు వైపు రెండు షట్టర్లు ఉన్నయి. దాన్ని అందరూ "దుబాయ్ ఇల్లు" అంటారు. గేటు మీద తాత పేరు. పంచుకునే మాట వచ్చినప్పుడు పెద్దబాపు, మా బాపు ఒక మాట మీద ఉన్నరు: అది నాయిన దుబాయ్‌లో చెమటోడ్చి కట్టిన ఇల్లు, కొడుకులకు వచ్చుడు న్యాయం, చెల్లెకు పెండ్లప్పుడే పెట్టిండ్రు గదా. జగిత్యాలలో ఉండే మా మేనత్తను ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నరు, నాకు వాటా వద్దని.

చట్టం ప్రకారం ఆ వాదన నిలవదు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమాన వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్తున్నది. 2005 సవరణ దాకా కూడా పోనక్కర లేదు. కానీ మేనత్త మీద పని చేస్తున్నది చట్టం కాదు, కథ. నాయిన సంపాదించిండు, అమ్మ ఎదురుచూసింది. ఈ కథలో తల్లి సంపాదన లేదు. తల్లి సంపాదనే లేకపోతే తొమ్మిదో ఏట చాట పట్టిన బిడ్డ సంపాదన ఎక్కడి నుంచి వస్తది? దుబాయ్ పైసలతో గోడలు లేచిన మాట నిజమే. అవి లేచేదాకా అప్పు మునగకుండా ఆపింది, ఇంటి జాగ రిజిస్ట్రేషనుకు 1991లో తక్కువ పడ్డ పైసలు నింపింది, షట్టర్లకు ఇనుము కొన్నది బీడీ పైసలు. షావుకారి చిట్టీ మేనత్త దగ్గర ఉన్నది. బాపమ్మ ఇచ్చింది, బీరువాలో కాకుండా బియ్యం డబ్బాలో పెట్టుకొమ్మని చెప్పి.

నేను బాపుకు ఈ లెక్క అంతా కాగితం మీద రాసిచ్చిన. డెబ్బై లక్షలు దగ్గర నుంచి మొదలుపెట్టి. చదివి, కండ్లద్దాలు తీసి, మీ బాపమ్మ పేరు గేటు మీద రాయిస్త లే అన్నడు. పేరు రాయించుడు సులువు, సున్నం ఖర్చు.

మేనత్త ఇంకా సంతకం పెట్టలేదు. దసరాకు మళ్లా కూసుందామన్నరు. చిట్టీ పట్టుకొని వస్త అన్నది.